లైవ్ ఆల్బమ్ కావాలంటే ఛానెల్ ఛానెల్‌గా రికార్డు చేయండి

కొత్త ఆల్బమ్ విడుదల కాగానే అవే పాటలతో ఊళ్ళో ఒక కచేరీ పెట్టుకుని, దాన్ని కూడా రికార్డు చేసి బయటికి వదలాలని ఏ చిన్న రాక్ బ్యాండ్‌కైనా ఉంటుంది. వదలాల్సిందే. స్టూడియోలో తాళం కోసం టిక్కు టిక్కుమనే క్లిక్ వింటూ ఒక్కొక్కరుగా వాయించిన పాట వేరు, స్టేజీ మీద నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ వాయించిన పాట వేరు. కోరస్ వచ్చేసరికి వేగం కాస్త పెరుగుతుంది, పాటగాడు ఒక లైను జనానికి వదిలేస్తాడు, స్టూడియోలో ఎనిమిది బార్లే ఉన్న గిటార్ సోలో పదహారుకు పోతుంది. ఆల్బమ్ కొన్నవాళ్ళు కూడా మళ్ళీ వినేది దానికోసమే. ఇండియన్ ఓషన్ బ్యాండ్ రెండో ఆల్బమ్ 1997లో వచ్చింది, అది ఢిల్లీలో జనం ముందు వాయించినప్పుడు చేసిన రికార్డింగే. పెద్ద స్టూడియో లేకుండానే నిలబడిన ఆల్బమ్ అది.

కర్నూలు, అనంతపురం, కడపల్లో ఇలాంటి రికార్డింగులు ఎక్కువగా చెడిపోయేది ఒక్కచోటే. ప్రోగ్రామ్ అయిపోయాక సౌండ్ సిస్టమ్ ఆయన్ని "అన్నా, బోర్డులోంచి రికార్డింగ్ ఇయ్యన్నా" అని అడుగుతారు. బోర్డంటే మైకులన్నీ వచ్చి కలిసే మిక్సర్. ఆయన పెన్‌డ్రైవ్‌లో అన్నీ కలిపేసిన ఒక స్టీరియో ఫైలు ఇస్తాడు. ఇంటికొచ్చి వింటే పాటగాడి గొంతు చెవి పక్కనే మోగుతుంది, కీబోర్డు గట్టిగా వినిపిస్తుంది, డ్రమ్స్ పక్కింట్లో కొడుతున్నట్టు ఉంటాయి, గిటార్ దాదాపు ఉండదు. ఇందులో సౌండ్ ఆయన తప్పేమీ లేదు. మూడు నాలుగు వందల మంది పట్టే హాల్లో డ్రమ్స్, గిటార్ ఆంప్ స్టేజీ మీద నుంచే నేరుగా జనానికి వినిపిస్తాయి. స్పీకర్లలో వాటిని పెంచాల్సిన పని ఆయనకు ఉండదు. వినిపించనివి గొంతు, కీబోర్డు కాబట్టి వాటినే పెంచుతాడు. హాల్లో కూర్చున్నవాళ్ళకు అంతా సమంగానే ఉంటుంది, బోర్డులోంచి బయటికొచ్చిన ఫైల్లో మాత్రం ఆయన స్పీకర్లలో తక్కువ పెట్టినవన్నీ తక్కువగానే ఉంటాయి. పైగా మైక్ కూయకుండా గొంతు ఛానెల్లో 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య కోతలు పెట్టి ఉంటాడు. ఆ హాలుకు, ఆ స్పీకర్లకు అవి అవసరమే. రికార్డింగ్‌లో అవే గొంతును దుప్పటి కప్పినట్టు చేస్తాయి. ఒకసారి స్టీరియోలో కలిసిపోయాక మళ్ళీ విడదీయడం కుదరదు. ఈమధ్య సాఫ్ట్‌వేర్లు గొంతును, డ్రమ్స్‌ను విడదీస్తున్నాయి గానీ ఫైల్లో లేని గిటార్‌ను అవి ఎక్కడి నుంచి తెస్తాయి?

అందుకే ప్రతి మైక్ తన ఛానెల్లో విడివిడిగా, స్పీకర్లలో శబ్దం పెంచి తగ్గించే ఫేడర్ కంటే ముందే, ఏ ఈక్యూ (శబ్దంలో లావు, సన్నాలను సరిచేసే అమరిక) తగలకుండా రికార్డు కావాలి. మిక్సింగ్ ఇంట్లో తీరిగ్గా చేసుకోవచ్చు.

ముందు అడగాల్సిన ప్రశ్న

సౌండ్ సిస్టమ్ మాట్లాడుకునేటప్పుడు "రికార్డింగ్ అవుతుందా అన్నా?" అని అడిగితే అవుతుందనే అంటారు. అడగాల్సింది బోర్డు పేరు, మోడల్. మన వైపు ఎక్కువగా కనిపించే యమహా ఎంజీ16ఎక్స్‌యూ లాంటి అనలాగ్ మిక్సర్లకు యూఎస్‌బీ ఉంటుంది, కానీ దానిలోంచి వచ్చేవి రెండే ఛానెళ్ళు. బెరింజర్ ఎక్స్32 అయితే వెనక ఉన్న కార్డు నుంచి ఒకే యూఎస్‌బీ తీగతో 32 ఛానెళ్ళు ల్యాప్‌టాప్‌లోకి వస్తాయి. ఎక్స్‌ఆర్18 అయితే 18. సౌండ్‌క్రాఫ్ట్ యూఐ24ఆర్ ల్యాప్‌టాప్ కూడా లేకుండా నేరుగా యూఎస్‌బీ డ్రైవ్‌లోకి 22 ఛానెళ్ళు రాస్తుంది. ఈ మూడింటిలో ఏది దొరికినా సగం పని అయినట్టే. స్థానికంగా దొరక్కపోతే అనంతపురం వాళ్ళు బెంగళూరు నుంచి, కర్నూలు వాళ్ళు హైదరాబాద్ నుంచి ఒక్కరోజు అద్దెకు తెప్పించుకోవచ్చు. రెండూ 44వ నంబరు జాతీయ రహదారి మీదే ఉన్నాయి. స్పీకర్లు, ఆంప్లిఫయర్లు ఊళ్ళోవాళ్ళవే వాడుకుని, మిక్సర్ ఒక్కటి బయటి నుంచి తెచ్చుకుంటే ఖర్చు అదుపులో ఉంటుంది.

ఎక్స్32తో ఒక జాగ్రత్త ఉంది. ఏ సిగ్నల్ ఎటు పోవాలో చెప్పే రూటింగ్ పేజీలో కార్డుకు ఏం పంపాలో మనమే చెప్పాలి. మైకులను స్టేజీ మీదే ఒక పెట్టెలో కలిపి ఒకే తీగతో మిక్సర్‌కు తెచ్చే స్టేజ్ బాక్స్ వాడుతూ, కార్డు రూటింగ్ 'లోకల్'లోనే (మిక్సర్ వెనకున్న ఇన్‌పుట్లకే) వదిలేస్తే స్పీకర్లలో అన్నీ బ్రహ్మాండంగా వినిపిస్తాయి, ల్యాప్‌టాప్‌లో ట్రాకులన్నీ ఖాళీగా పోతాయి. స్టేజ్ బాక్స్ ఉంటే అక్కడ ఏఈఎస్50 (ఆ బాక్స్ తగిలించే దారి) ఎంచుకోవాలి. సౌండ్ చెక్‌లో ఒక నిమిషం రికార్డు చేసి, ఒక్కో ట్రాకునూ విడిగా హెడ్‌ఫోన్‌లో వినాలి. మీటర్ కదులుతోందని చూసి వదిలేయకూడదు, కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) ట్రాకులో స్నేర్ (పుల్లలతో కొట్టే చిన్న డ్రమ్) ఉన్నా మీటర్ కదులుతుంది. ఇంకొకటి: ఈ పద్ధతిలో ఫేడర్ ఎంత కదిలినా రికార్డింగ్ మారదు, మైక్ సిగ్నల్‌ను లోపలికి వచ్చేచోటే పెంచే గెయిన్ తిప్పితే మాత్రం మారుతుంది. "షో మొదలయ్యాక గెయిన్ ముట్టుకోవద్దన్నా, ఫేడర్‌తోనే చూసుకో" అని సౌండ్ ఆయనతో ముందే అనుకోవాలి.

అనలాగ్ మిక్సర్ తప్పనిసరైతే దారి లేకపోలేదు. ఇన్సర్ట్ జాక్ (సిగ్నల్‌ను బయటికి తీసి మళ్ళీ లోపలికి పంపే రంధ్రం) ఉన్న ఛానెళ్ళ నుంచి సిగ్నల్ తీసుకోవచ్చు. మామూలు మోనో పిన్నును జాక్‌లో సగం దాకా, మొదటి క్లిక్ వరకే నొక్కి వాడతారు చాలామంది. అది కదిలితే స్పీకర్లలో ఆ ఛానెల్ ఆగిపోతుంది, డ్యాన్స్ చేసే స్టేజీ మీద కదలకుండా ఉండదు. స్టీరియో పిన్ను తీసుకుని టిప్ (కొన), రింగ్ (దాని పక్క కట్టు) రెండింటినీ కలిపి సోల్డర్ చేయించి పూర్తిగా నొక్కితే సిగ్నల్ తెగకుండా మనకూ ఒక కాపీ వస్తుంది. అలాంటి తీగలు ఎనిమిది చేయించుకుంటే చాలు, ఏ సౌండ్ రిపేరు షాపులోనైనా చేసిస్తారు. వాటిని శబ్దాన్ని ల్యాప్‌టాప్‌లోకి పంపే ఎనిమిది ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్‌లో లైన్ ఇన్‌పుట్లకు పెట్టాలి, మైక్ ఇన్‌పుట్లకు కాదు. ఏడాట్ (ఎనిమిది ఛానెళ్ళను ఒకే తీగలో తెచ్చే డిజిటల్ దారి) ఉన్న ఇంటర్‌ఫేస్ అయితే బెరింజర్ ఏడీఏ8200 లాంటిది తగిలించి ఇంకో ఎనిమిది పెంచుకోవచ్చు. అప్పుడు రెండింటిలో ఒకటే క్లాక్ (డిజిటల్ లెక్కకు తాళం) ఇవ్వాలి, రెండోది దాన్ని అనుసరించాలి. ఇది మరిచిపోతే రికార్డింగ్ నిండా టిక్కు టిక్కుమని చిన్న చప్పుళ్ళు పడతాయి. తర్వాత వాటిని పూర్తిగా తీసేయడం ఎవరి తరమూ కాదు.

ఏ మైక్ ఎక్కడ

ఐదుగురి బ్యాండ్‌కు 14 ఛానెళ్ళు హాయిగా సరిపోతాయి. కిక్ ఒకటి, స్నేర్ ఒకటి, డ్రమ్స్ పైన పెట్టే ఓవర్‌హెడ్లు రెండు, బేస్ గిటార్ డీఐ (వాయిద్యాన్ని మైక్ లేకుండా నేరుగా మిక్సర్‌కు కలిపే పెట్టె) ఒకటి, గిటార్ ఆంప్‌లకు రెండు, కీబోర్డు రెండు, గొంతులు మూడు, జనం మైకులు రెండు. ఎనిమిదే దొరికితే కిక్, స్నేర్, ఒకే ఓవర్‌హెడ్, బేస్, రెండు గిటార్లు, ముఖ్య గాయకుడి గొంతు, ఎనిమిదోది కీబోర్డుకు. వెనక పాడేవాళ్ళ గొంతు ఓవర్‌హెడ్‌లోనూ ముఖ్య గాయకుడి మైక్‌లోనూ ఎలాగూ కొంత పడుతుంది. జనం చప్పుడుకు వేరే చేతి రికార్డర్ పెట్టుకోవచ్చు. టామ్ డ్రమ్ములకు విడి మైకులు లేవని బాధపడక్కర్లేదు, ఓవర్‌హెడ్లు సరిగ్గా పెడితే వస్తాయి. రెండు ఓవర్‌హెడ్లూ స్నేర్ మధ్య నుంచి ఒకే దూరంలో ఉండాలి. తాడు పట్టి కొలవండి. దూరం తేడా ఉంటే మోనోలో విన్నప్పుడు స్నేర్ పలచబడుతుంది. ఫోన్ స్పీకర్లో వినేవాళ్ళకు వినిపించేది ఆ పలచబడ్డ స్నేరే.

గిటార్ ఆంప్‌కు ఎస్ఎం57 మైక్‌ను జాలీకి రెండు వేళ్ళ దూరంలో, స్పీకర్ కోన్ మధ్యకు కాకుండా మధ్యకూ అంచుకూ నడుమ పెట్టాలి. మరీ మధ్యకు పెడితే గుచ్చుతుంది, అంచుకు పోతే బురద.

తప్పెట వాడే బ్యాండ్లకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. తప్పెట కొట్టే మనిషి ఒకచోట నిలబడడు, నిలబడాలని అడగనూ కూడదు. స్టాండు మైక్ పెడితే సగం దెబ్బలు తప్పిపోతాయి. క్లిప్ మైక్‌ను చట్రానికి బిగించడమే సరైన దారి. పుల్ల తగిలే దెబ్బ చాలా పదునైనది, మీటర్ చూపించేలోపే శిఖరం దాటిపోతుంది. అందుకని ఆ ఛానెల్ గెయిన్ మిగతావాటికంటే 6 డీబీ తగ్గించి పెట్టుకోవాలి. చర్మపు తప్పెటైతే మంట దగ్గర కాచాక బిగిసి ఉంటుంది, పాట సాగేకొద్దీ సడలి గొంతు మారుతుంది. కాచిన వెంటనే వచ్చే పాటలను ఆల్బమ్‌కు ఎంచుకునేవిగా వరుస వేసుకోవాలి.

మిగతా ఛానెళ్ళన్నిటికీ గెయిన్ సూత్రం ఒకటే: సౌండ్ చెక్‌లో అత్యంత గట్టి దెబ్బ రికార్డింగ్ మీటర్లో మైనస్ 18 డీబీ దగ్గర ఉండాలి (సున్నా దాటితే శబ్దం చిరుగుతుంది). అది మరీ తక్కువ కదా అనిపిస్తుంది. జనం వచ్చాక ఎవరైనా సౌండ్ చెక్ కంటే గట్టిగానే వాయిస్తారు, 6 డీబీ పెరగడం మామూలు. అప్పుడు మైనస్ 12 దగ్గర ఉంటుంది. 24 బిట్‌లో తక్కువ లెవెల్ వల్ల నష్టం దాదాపు లేదు, పైకి తగిలి చిరిగిన గొంతుకు మందు లేదు. ఇప్పుడొస్తున్న 32 బిట్ ఫ్లోట్ రికార్డర్లు పెట్టామని ధీమా పడొద్దు. ముందున్న మిక్సర్ ప్రీఆంప్‌లోనే (గెయిన్ పనిచేసే చోటే) చిరిగితే రికార్డర్ చేయగలిగింది ఏమీ లేదు.

మన హాళ్ళు, మన గాలి, మన కరెంటు

కడప బండలు, బేతంచెర్ల బండలు పరిచిన హాళ్ళలో నేల నుంచి తిరిగొచ్చే శబ్దం చాలా ఎక్కువ. కల్యాణ మండపాల్లో గోడలకూ టైల్సే ఉంటాయి. డ్రమ్స్ కింద ఒక జంపఖానా రెండు మడతలుగా వేయాలి. డ్రమ్మర్ వెనక టెంట్ హౌస్ వాళ్ళ మందపాటి సైడ్ గుడ్డను ముడతలు ముడతలుగా వేలాడదీయాలి, సాపుగా కడితే లాభం తక్కువ. ఖాళీ హాల్లో గింగురుమన్నదాన్ని చూసి భయపడొద్దు, జనం కూర్చున్నాక చాలా తగ్గుతుంది.

హాల్లో సీలింగ్ ఫ్యాన్ల సంగతి ఎవరికీ గుర్తుండదు. ఓవర్‌హెడ్ మైక్ సరిగ్గా ఫ్యాన్ కింద పడితే రెక్క దాటిన ప్రతిసారీ గాలి కొట్టిన చప్పుడు ట్రాకులో పడుతుంది. స్టేజీ మీది ఫ్యాన్లు ఆపాలి, కుదరకపోతే ఓవర్‌హెడ్ల లాంటి సున్నితమైన కండెన్సర్ మైకులన్నిటికీ ఫోమ్ తొడిగి 80 హెర్ట్జ్ దగ్గర లో కట్ (ఆ కింది శబ్దాన్ని కోసేసే ఫిల్టరు) వేయాలి. కూలర్లను స్టేజీకి దూరంగా జరపాలి. బయట మైదానంలో అయితే, ముఖ్యంగా జూన్ నుంచి ఆగస్టు దాకా అనంతపురం గాలికి ఫోమ్ చాలదు. బొచ్చు తొడుగులే కావాలి. ఎండాకాలం సాయంత్రాలు ఇంకో రకం చిక్కు: ఆరు గంటలకు వేడిలో శ్రుతి చేసిన గిటార్ తొమ్మిదికి చల్లబడ్డాక కాస్త పైకి జరుగుతుంది, కీబోర్డు జరగదు. రెండు పాటలకోసారి ట్యూనర్ చూడాలి. సభలో వినేవాళ్ళు పట్టించుకోకపోవచ్చు, రికార్డింగ్‌లో మాత్రం అది ప్రతిసారీ తగులుతుంది.

కరెంటుకు వస్తే, మన మెయిన్స్ 50 హెర్ట్జ్. ఎర్త్ సరిగ్గా లేని చోట ఆ 50, దానితోపాటు 100, 150 హెర్ట్జ్‌ల గుయ్ శబ్దం ట్రాకుల్లోకి ఎక్కుతుంది. తర్వాత ఫిల్టరు పెట్టి తీసేద్దామంటే, బేస్ గిటార్ లావు తీగ మూడో ఫ్రెట్ మీద పలికే జీ స్వరం 49 హెర్ట్జ్. గుయ్‌మన్నదాన్ని తీస్తే ఆ స్వరమూ పోతుంది. కాబట్టి అక్కడే సరిచేయాలి. లైట్లకు ఒక ఫేజు, సౌండ్‌కు ఇంకో ఫేజు. మిక్సర్, ల్యాప్‌టాప్, స్టేజీ మీది ఆంప్‌లు అన్నీ ఒకే ఎర్త్ నుంచి. బేస్, కీబోర్డు డీఐ బాక్సుల మీద గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కి చూడాలి. సింగిల్ కాయిల్ గిటార్ అయితే వాయించేవాడు ఎల్‌ఈడీ లైట్ల వైపు నుంచి కాస్త తిరిగి నిలబడితే చాలు, సగం తగ్గుతుంది. గుయ్ పోతుందని ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. ఒక చేత్తో గిటార్ తీగలు, పెదవులకు మైక్ తగిలి ఉన్న మనిషి ప్రాణానికి సంబంధించిన విషయం అది.

కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు డిజిటల్ మిక్సర్ ఆరిపోతుంది, రికార్డు అవుతున్న ఫైళ్ళు మూయకుండానే తెగిపోతాయి. మిక్సర్‌కు, ల్యాప్‌టాప్‌కు, డ్రైవ్‌కు కలిపి 1 కేవీఏ యూపీఎస్ ఒకటి పెట్టండి. ఆంప్లిఫయర్లను దానికి తగిలించొద్దు. ఫైలు తెగిపోతే పారేయకండి. ఆడాసిటీలో రా డేటాగా ఇంపోర్ట్ చేసి, 24 బిట్, లిటిల్ ఎండియన్, ఒక ఛానెల్, 48000 అని చెబితే చాలావరకు తెరుచుకుంటుంది. అంతా రొదే వినిపిస్తే స్టార్ట్ ఆఫ్‌సెట్‌ను 1, తర్వాత 2 బైట్లుగా మార్చి మళ్ళీ చూడండి. మొదట్లో చిన్న చిటపట వస్తే అంతవరకు కోసేయవచ్చు.

నిల్వ లెక్క తేలికే. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఒక ఛానెల్ గంటకు సుమారు 518 ఎంబీ. 14 ఛానెళ్ళు గంటకు 7.3 జీబీ, రెండు గంటల కచేరీకి 15 జీబీ లోపే. పెన్‌డ్రైవ్ పనికిరాదు, వేడెక్కాక రాసే వేగం పడిపోయి మధ్యలో రికార్డింగ్ ఆగుతుంది. ఎస్‌ఎస్‌డీ వాడాలి. డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే ఒక ఫైలు 4 జీబీ దాటదని గుర్తుంచుకోవాలి. ల్యాప్‌టాప్‌లో వైఫై, అప్‌డేట్లు, స్లీప్ ఆపేసి, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో బఫర్ 1024కు పెంచేయండి. అక్కడ ఎవరూ ఇయర్‌ఫోన్‌లో వినడం లేదు కాబట్టి ఆలస్యం అయినా నష్టం లేదు. బోర్డు స్టీరియోను ఒక చేతి రికార్డర్‌లోకి కూడా తీసుకోండి. ల్యాప్‌టాప్ దెబ్బతింటే కనీసం అదన్నా మిగులుతుంది.

జనం చప్పుడు

లైవ్ రికార్డింగ్‌కు ప్రాణం జనం మైకులు. ఇవి లేకపోతే ఎంత శుభ్రమైన మిక్స్ అయినా రిహార్సల్‌లా వినిపిస్తుంది, చప్పట్లు గొంతు మైక్‌లోంచి దూరంగా, నీరసంగా వస్తాయి. ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే రెండు కార్డియాయిడ్ కండెన్సర్లను స్టేజీ ముందు రెండు మూలల్లో, స్పీకర్లకు కాస్త వెనగ్గా, ముఖం జనం వైపు పెట్టాలి. మైకులు స్పీకర్ల వీపు వైపు ఉంటాయి కాబట్టి పాట తక్కువగా, జనం ఎక్కువగా పడతారు. మొదటి వరుసలో ఈలలు వేసే కుర్రాళ్ళకు మరీ దగ్గర కాకుండా తల ఎత్తు కంటే పైన ఉండాలి, లేకపోతే ఆల్బమ్ అంతా ఒకే ఒక్కడి ఈల వినిపిస్తుంది.

చాలామంది వీటిని హాలు వెనక, మిక్సర్ పక్కన పెడతారు. 30 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకు సుమారు 349 మీటర్లు పోతుంది. స్టేజీకి 20 మీటర్ల దూరంలో మైక్ పెడితే స్నేర్ దెబ్బ అక్కడికి 57 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఆ ట్రాకును అలాగే కలిపితే ప్రతి దెబ్బా రెండుసార్లు వినిపిస్తుంది. వెనకే పెట్టాల్సి వస్తే మిక్స్‌లో ఆ ట్రాకును అంతే ముందుకు జరపాలి. సౌండ్ చెక్‌లో స్నేర్‌ను నాలుగు సార్లు విడిగా కొట్టించి రికార్డు చేసుకుంటే జరపడానికి గుర్తు దొరుకుతుంది.

జనం చప్పుడు వేరే రికార్డర్‌లో తీస్తే ఇంకో సంగతి. రెండు యంత్రాల గడియారాలు కచ్చితంగా ఒకటి కావు. పది లక్షలకు 20 వంతుల తేడా ఉన్నా గంటకు 72 మిల్లీసెకన్లు జరిగిపోతుంది. మొదటి పాట దగ్గర సరిపెట్టి వదిలేస్తే చివరి పాటలో డ్రమ్స్ ప్రతిధ్వనిస్తాయి. ఏ పాటకా పాట విడిగా సరిపెట్టండి.

మిక్స్‌లో పాట నడుస్తున్నప్పుడు జనం మైకులను పది డీబీ దాకా తగ్గించి, పాట అయిపోతున్న చివరి రెండు బార్ల నుంచి మెల్లగా పైకి తేవాలి. పూర్తిగా మూసేయకూడదు, మూసి తెరిచిన ప్రతిసారీ హాలు మాయమై మళ్ళీ వచ్చినట్టు తెలిసిపోతుంది. అన్నిటికంటే ముందు వీటిలో 150 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేయాలి, లేకపోతే బేస్ బురదవుతుంది. గొంతు మైకులకూ గేటు (పాడనప్పుడు మైక్‌ను తనంతట తానే మూసేసే అమరిక) పెట్టొద్దు. పాడని చోట 6 నుంచి 8 డీబీ తగ్గిస్తే చాలు. ఆ మైకుల్లోకి కారిన డ్రమ్స్ శబ్దం (బ్లీడ్) కూడా హాలు శబ్దంలో భాగమే.

తప్పు పడ్డ చోట స్టూడియోలో మళ్ళీ పాడించి అతికించాలా? వద్దనే మా అభిప్రాయం. అతికించిన గొంతులో ఆ హాలు ఉండదు, చెవి ఇట్టే పట్టేస్తుంది. దాని బదులు అవే పాటలు కర్నూల్లో ఒకసారి, అనంతపురంలో ఒకసారి వాయించి రెండూ రికార్డు చేయండి. ఏ పాట ఎక్కడ బాగా వస్తే దాన్ని పూర్తిగా తీసుకోండి. లౌడ్‌స్పీకర్ల నిబంధన ప్రకారం బహిరంగ స్థలాల్లో రాత్రి 10 దాటితే మైక్ ఆపాలి, సభలు ఆలస్యంగా మొదలవడం ఎలాగూ ఉన్నదే. ఆల్బమ్‌కు కావాల్సిన పాటలను చివరికి దాచకుండా మూడో పాట నుంచి పెట్టుకోండి. మొదటి రెండింటిలో అందరి చేతులూ కుదురుకుంటాయి.

విడుదలకు ముందు

మాస్టర్ (విడుదలకు సిద్ధమైన చివరి ఫైలు) మైనస్ 14 లఫ్స్ (మొత్తం మీద చెవికి వినిపించే గట్టితనం కొలత) దగ్గర, శిఖరం మైనస్ 1 డీబీ దాటకుండా చాలు. లైవ్‌ను అంతకంటే నొక్కితే చప్పట్లు పాటంత ఎత్తుకు లేస్తాయి. ట్రాకుల కోత చప్పట్లు తగ్గాక, తర్వాతి పాట లెక్క మొదలయ్యే ముందు పడాలి. ఎంపీ3 కాకుండా వేవ్ ఫైళ్ళే పంపండి, ఎంపీ3లో ప్రతి ట్రాకు అంచునా చిన్న ఖాళీ చేరి చప్పట్లు తెగుతాయి. స్టూడియో పాటకు ఇచ్చిన ఐఎస్‌ఆర్‌సీ (రికార్డింగ్ గుర్తింపు) నంబరు లైవ్ రికార్డింగ్‌కు వాడకూడదు, ప్రతి రికార్డింగ్‌కూ విడి నంబరు ఉండాలి.

కచేరీలో సినిమా పాట ఒకటి వాయించి ఉంటే దాన్ని ఆల్బమ్‌లో పెట్టే ముందు ఆగండి. కాపీరైట్ చట్టం 31సీ సెక్షన్ ప్రకారం మొదటి రికార్డింగ్ వచ్చిన ఏడాది ముగిశాక అయిదేళ్ళు దాటాలి, ముందుగా నోటీసు ఇవ్వాలి, ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ కట్టాలి. చిన్న బ్యాండ్‌కు అది మోయలేని భారం. సొంత పాటలే పెట్టుకోండి. అతిథిగా వచ్చి వాయించిన తప్పెట కళాకారుడికైనా, వయొలిన్ వాయించిన చెల్లెలికైనా ఆ రికార్డింగ్‌లో చట్టప్రకారం ప్రదర్శకుల హక్కు ఉంది. ఒక పేజీ అనుమతి పత్రం రాయించుకుని, వాటా ఎంతో అందులోనే రాయండి. పేరు క్రెడిట్స్‌లో వేయండి.

మిగిలిన ముడి ట్రాకులను చెరిపేయొద్దు. వాషింగ్టన్ డీసీ బ్యాండ్ ఫుగాజీ 1987 నుంచి 2002 దాకా వాయించిన కచేరీల్లో 800కు పైగా రికార్డింగులు దాచి, 2011 నుంచి వాటిని ఒక్కొక్కటిగా జనానికి అందుబాటులోకి తెచ్చింది. దాచుకోవడానికి ప్రతి ట్రాకునూ కచేరీ సున్నా సెకను నుంచి మొదలయ్యే పొడవాటి వేవ్‌గా మార్చాలి. ఫైలు పేర్లలో 'ట్రాక్ 07' అని కాకుండా 'స్నేర్', 'అనంతపురం జనం ఎడమ' అని రాయాలి. తేదీ, హాలు, ఏ మైక్ దేనికి వాడారో ఒక టెక్స్ట్ ఫైల్లో పెట్టి, రెండు వేర్వేరు డ్రైవుల్లో, రెండు వేర్వేరు ఇళ్ళల్లో ఉంచండి.